స్నానం చేస్తే దేవుడికే జ్వరం వచ్చింది

తెలుగు కథలో నాలుగైదేళ్ల పాప కనిపిస్తే చాలు, ఏం జరగబోతుందో నాకు ముందే తెలిసిపోతుంది. రెండు పేజీలు తిరిగేలోపు ఆ పాప ‘నాకు’ అనడానికి ‘నాతు’ అంటుంది. అనకపోతే చివరి పేరాలో తండ్రిని ఒక ప్రశ్న అడుగుతుంది. తండ్రి దగ్గర జవాబు ఉండదు. బయట వాన మొదలవుతుంది, కథ అయిపోతుంది. మొదటి పాపకు నోరు తిరగదు. రెండో పాపకు నోరు తప్ప మరేమీ లేదు. ఇద్దరిలో ఎవరూ కథ నడిచినంతసేపూ ఏమీ ఆలోచించరు.

నా ఫిర్యాదు అదే. పిల్లల మాటను పట్టుకోవడానికి మన కథకులు పడే శ్రమలో పావు వంతు కూడా పిల్లల ఆలోచన కోసం పడరు. ముద్దుమాటలు వినిపిస్తే పాత్ర బతికినట్టే అనుకుంటారు. ఇంకాస్త చదువుకున్నవాళ్లయితే పసిమనసంటే కవిత్వం అనుకుని, పాప చేత చందమామ గురించి, చీమల గురించి మెత్తటి వాక్యాలు పలికిస్తారు. నేను చూసిన పిల్లలు కవులు కారు. వాళ్లు గుమాస్తాలు. చేతికి దొరికిన నాలుగు కాగితాలతోనే లెక్క సరిపెట్టాలని కూర్చుంటారు. లెక్క తప్పిందంటే కాగితాలు చాలకపోవడం వల్లే. కూడిక వాళ్లకు బాగానే వచ్చు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లాకు ముఖ్య పట్టణం. వీధిలో పలకరింపులు సగం తెలుగు, సగం ఒడియా. పాతపట్నం వైపు కాస్త దూరం వెళితే ఆంధ్ర. ఇంట్లో ఏ భాష మాట్లాడినా ఇక్కడి పిల్లలందరూ జగన్నాథుడి పండుగలతోనే పెరుగుతారు. తెలియనివారి కోసం కాస్త చెప్పాలి. జ్యేష్ఠ పౌర్ణమినాడు స్వామికి స్నానయాత్ర జరుగుతుంది. పూరీలో 108 కుండల నీళ్లతో చేయిస్తారు. అంత స్నానం చేశాక దేవుడికి జ్వరం వస్తుంది. తలుపులు మూసేస్తారు. సుమారు పక్షం రోజులు దర్శనం ఉండదు. ఆ రోజులను అణసర అంటారు. లోపల దేవుడికి మూలికల మందులు, పళ్లు ఇస్తారు, విగ్రహాలకు కొత్తగా రంగులు వేస్తారు. తర్వాత నవయౌవన దర్శనం, ఆపైన రథయాత్ర.

మా మేనకోడలికి అప్పుడు నాలుగేళ్లు. గుడి తలుపులు ఎందుకు మూశారని అడిగింది. దేవుడికి జ్వరం వచ్చిందన్నాడు మా అన్నయ్య. ఎందుకు వచ్చింది? స్నానం ఎక్కువైంది కాబట్టి. అక్కడితో ఆ సంభాషణ ముగిసింది. మర్నాడు పొద్దున స్నానాల గది గుమ్మంలో అది కూర్చుండిపోయింది. స్నానం చేయనంది. చేస్తే జ్వరం వస్తుందంది. వదిన నవ్వింది, తర్వాత కోప్పడింది, తర్వాత ఎత్తుకుపోబోయింది. ఏడుపు మొదలైంది. మా అమ్మ మధ్యలో కల్పించుకుని, పోనీ కాళ్లయినా కడుక్కోవే అంది. పిల్ల వెంటనే ఏడుపు ఆపి కాళ్లు చాపింది. కాళ్లకు మాత్రం ఎందుకు ఒప్పుకున్నావని నేను అడిగాను.

“జగన్నాథుడికి కాళ్లు లేవు కదా అత్తా” అంది.

ఇంట్లో అందరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. అయితే కథ రాసేవాళ్లకు ఆ నవ్వు ఆగాక పని మొదలవుతుంది. ఆ పిల్ల దగ్గర ఏమేమి ఉన్నాయో చూడండి. వానలో తడిస్తే జ్వరం వస్తుందని ఇంట్లో పెద్దవాళ్లే ఏడాది పొడవునా చెబుతున్నారు. నీళ్లకూ జ్వరానికీ సంబంధం ఉందన్నమాట. దేవుడు అందరికంటే బలవంతుడని చెప్పింది కూడా వాళ్లే. అంతటివాడికే వస్తే తనకు రాదా? ఇక దేవుడి ఒంటి మీద నీళ్లు పడే అవకాశమే లేని చోటు ఏది? విగ్రహానికి పాదాలు లేవు. కాబట్టి జ్వరం పాదాల నుంచి వచ్చి ఉండదు. కాళ్లు కడుక్కుంటే ప్రమాదం లేదు. ఇందులో ఎక్కడ తప్పుందో చెప్పండి. నాకు తెలిసిన వకీళ్లు కూడా ఇంత పొదుపుగా ఒక మినహాయింపు రాబట్టలేరు. పక్షం గడిచింది, నవయౌవన దర్శనం వచ్చింది. మెరిసిపోతున్న దేవుణ్ణి చూసి వచ్చాక, జ్వరం తగ్గితే కొత్త రంగు వస్తుందని ఆ పిల్ల నిర్ణయానికి వచ్చింది. ఆ సాయంత్రం రెండు చెంబులు ఎక్కువ పోయించుకుంది.

ఈ సంఘటనను మామూలుగా ఎలా రాస్తారో ఊహించగలను. ‘దేవుడికి జొలం వచ్చింది కదా, నాతూ వత్తుంది’ అని ఒకరు రాస్తారు. ‘దేవుడికే జ్వరం వస్తే ఆయన ఎవరికి మొక్కుకుంటాడు నాన్నా?’ అని ఇంకొకరు రాస్తారు, తండ్రి తెల్లబోవడంతో సహా. రెండింటిలోనూ కాళ్ల సంగతి ఉండదు. అది ముద్దుగానూ లేదు, వేదాంతంగానూ లేదు మరి. ఉన్న ఆధారాలను బట్టి సరిగ్గా ఉంది, అంతే. నా మటుకు నాకు కథంతా ఆ కాళ్లలోనే ఉంది.

దాన్ని కథలో పెట్టాలంటే పాప చేత వివరణ చెప్పించకూడదు. అంతకు ముందే ఎక్కడో విగ్రహాన్ని చూపించాలి. నాన్న భుజం మీద కూర్చున్న పిల్లకు కనిపించినట్టుగా గుండ్రటి కళ్లు, వేళ్లు లేని చేతులు, కింద ఉన్నట్టుండి ఆగిపోయిన ఒళ్లు. ఇంకోచోట వాన, ఒక తుమ్ము, అమ్మ కసురు, ఏ ప్రాముఖ్యమూ లేనట్టు వచ్చిపోవాలి. అప్పుడు గుమ్మం దగ్గర పిల్ల కాళ్లు చాపితే చాలు, పాఠకుడే కూడుకుంటాడు. తను కూడుకున్నాడు కాబట్టి ఆ కాసేపూ తనూ నాలుగేళ్లవాడే.

పిల్లల తప్పు జవాబుల్లో ఒక క్రమం ఉందని పట్టుకున్నవాళ్లలో ముఖ్యుడు స్విట్జర్లాండ్‌కు చెందిన జాఁ పియాజే. యువకుడిగా పారిస్‌లో తెలివితేటల పరీక్షల మీద పనిచేస్తున్నప్పుడు, పిల్లలు ఎన్ని ఒప్పు చెప్పారన్నదానికంటే ఒక వయసు పిల్లలంతా ఒకే రకంగా ఎందుకు తప్పుతున్నారన్నది ఆయనకు ఆసక్తిగా తోచింది. 1920లలో పిల్లలను కూర్చోబెట్టి అడిగాడు. సూర్యుడు ఎలా పుట్టాడు? కల ఎక్కడ నుంచి వస్తుంది? తను వీస్తున్నట్టు గాలికి తెలుసా? తాము నడుస్తుంటే చంద్రుడు వెంట వస్తాడన్నారు పిల్లలు. కల గదిలోనే జరుగుతుందన్నారు. కదిలేవాటికి ప్రాణం ఉంటుందన్నారు. మన దగ్గర బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఏ పిల్లవాణ్ణి అడిగినా చంద్రుడి విషయంలో అదే మాట చెబుతాడు. నిజానికి వాడు తన కళ్లకు కనిపించినదే చెబుతున్నాడు. చంద్రుడు వెంట రావడం లేదని మనమే ఎవరో చెబితే నమ్మాం.

అయితే పియాజేను చదివిన కథకులకు ఒక చిక్కు ఉంది. ఆయన దగ్గర నుంచి పిల్లలకు రానివాటి జాబితా ఒకటి తెచ్చుకుంటారు. ఫలానా వయసు దాకా ఇది తెలియదు, అది అర్థం కాదు. ఆ జాబితాతో పాత్రను కడితే పాప మళ్లీ లోపాల మూటగానే తయారవుతుంది. ఈ జాబితాకు స్కాట్లండ్‌లో మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ 1970లలో గట్టి దెబ్బ కొట్టారు. పియాజే పరీక్షల్లో ఒకటి ఇలా ఉంటుంది. రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, రెండూ సమానమేనా అని అడుగుతారు. అవునంటాడు పిల్లవాడు. ఒక వరుసను కాస్త ఎడంగా జరిపి మళ్లీ అదే అడుగుతారు. పొడవైన వరుసలో ఎక్కువ ఉన్నాయంటాడు. వీళ్లిద్దరూ అదే పరీక్షలో ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మను దింపారు. బొమ్మ పెట్టెలోంచి దూకి ఒక వరుసను చెదరగొడుతుంది. ఆ తర్వాత అడిగితే, సమానమేనని చెప్పిన పిల్లలు చాలా ఎక్కువ మంది.

పెద్దవాడు పనిగట్టుకుని బిళ్లలు జరిపి, ఇందాక అడిగిందే మళ్లీ అడుగుతున్నాడంటే జవాబు మారాలని అతని ఉద్దేశం కాబోలు! పిల్లవాడు బిళ్లలతో పాటు మనిషిని కూడా చదువుతున్నాడు. మన ఇళ్లలో ‘అమ్మ మంచిదా, నాన్న మంచివాడా?’ అని అడిగే చుట్టాలను తలచుకోండి. ఆ ప్రశ్నకు పిల్లలు అడిగినవాళ్లను బట్టి, పక్కన ఎవరున్నారో చూసుకుని జవాబు చెబుతారు. అందుకే పిల్ల ఉన్న సన్నివేశంలో పెద్దవాళ్ల ముఖాలు, గొంతులు, అడగడానికి ముందు వాళ్లు తీసుకునే ఊపిరి కూడా ముఖ్యమే. పిల్ల దగ్గరున్న ఆధారాల్లో పెద్ద భాగం అవే. వాటిని వదిలేసి మనసు లోపలికి వెళ్లిపోతే అక్కడ రచయిత తప్ప ఎవరూ ఉండరు.

సరిహద్దు ఊళ్లలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలకు తేల్చుకోవలసిన లెక్క ఒకటి అదనం. ఎవరితో ఏ భాష మాట్లాడాలి? పెద్దవాళ్లం మనం దీన్ని వాళ్లకు ఎప్పుడూ వివరించి చెప్పం. వాళ్లే సూత్రం కట్టుకుంటారు. మా వీధిలో ఒక అబ్బాయి అంగన్‌వాడీలో చక్కగా ఒడియా మాట్లాడేవాడు, ఇంట్లో తెలుగు. ఒకరోజు అంగన్‌వాడీ దీదీ ఛతువా (వేయించిన గింజల పిండి) పొట్లం ఇవ్వడానికి వాళ్ల ఇంటికి వచ్చింది. వాడు గోడకు అతుక్కుపోయి ఒక్క మాటా మాట్లాడలేదు. సిగ్గు అంది వాళ్లమ్మ. దీదీ కూడా సిగ్గే అనుకుని బుగ్గ గిల్లి వెళ్లింది. ఆమె వెళ్లాక వాడు అమ్మను అడిగిన ప్రశ్న ఒక్కటే, దీదీకి మన ఇంట్లో ఏ మాట వస్తుందని. నాకు అర్థమైనంతలో వాడి సూత్రం మనుషులను బట్టి లేదు, చోటును బట్టి ఉంది. గోడ మీద అక్షరాల పటం ఉన్న చోట ఒడియా, దేవుడి క్యాలెండరు ఉన్న చోట తెలుగు. ఒడియా మనిషి క్యాలెండరు కింద నిలబడితే ఏం చేయాలో ఆ సూత్రంలో లేదు. ఇలాంటి మౌనాలను సిగ్గు అని రాసేసిన కథలు ఎన్ని చదివానో.

ఇంకొక పిల్లకు ఆంధ్ర అంటే పాతపట్నంలో పిన్ని ఉండే ఇల్లు. ‘ఆంధ్ర వెళ్తున్నాం’ అన్నప్పుడల్లా వెళ్లింది అక్కడికే మరి. బాబాయికి ఉద్యోగం మారి ఆ కుటుంబం ఒడిశాలోనే ఉన్న బరంపురం వచ్చేసింది. అయితే ఆంధ్ర బరంపురం వచ్చేసిందా అని అడిగింది. అందరూ మళ్లీ నవ్వారు. నాకు మాత్రం, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ ఊరు ఇటు వచ్చిన సంగతి గుర్తొచ్చింది. పెద్దవాళ్లు కాగితం మీద గీత గీసి ఊరిని ఉన్నచోటనే రాష్ట్రం మార్చగలిగినప్పుడు, ఒక రాష్ట్రం మంచాలు, బిందెలతో సహా లారీ ఎక్కి రాలేదని ఆ పిల్ల ఎందుకు అనుకోవాలి?

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం తెలుగువాళ్లందరికీ తెలుసు. ఇటువైపు వాళ్లకు ఇంకో సంగతి దగ్గర. చుట్టూ కొండల్లో ఉండే సవరల భాషను ఆయన పట్టుబట్టి నేర్చుకున్నారు. 1931లో దానికి వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వెలువరించారు. లిపి లేని మాటలని చదువుకున్నవాళ్లు పక్కన పెట్టినదాంట్లో క్రమం ఉంటుందని నమ్మి, దాని కోసం చెవి పెట్టి వినడమే ఆయన చేసిన పని. పిల్లల గురించి రాసేవాళ్లకు కావలసింది ఆ నమ్మకం. చిన్నపిల్లలు ‘ఇల్లులు’ అంటారు, ‘కాలులు’ అంటారు. ఆ మాటలు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో ఎవరూ అలా అనరు కూడా. బహువచనానికి ‘లు’ చేరుతుందన్న సూత్రాన్ని వాళ్లంతట వాళ్లే పట్టుకుని, మినహాయింపులు తెలియక అన్నిటికీ తగిలించారు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో, లోకంలో లేని ఒక పక్షి బొమ్మ గీసి దానికి ఒక ఉత్తుత్తి పేరు పెట్టి, అలాంటివి రెండుంటే ఏమనాలని పిల్లలను అడిగింది. ఎన్నడూ వినని ఆ మాటకు వాళ్లు సరైన బహువచనం చెప్పారు. కథలో పాప ముద్దుగా మాట్లాడక తప్పదనుకుంటే ఇలాంటి మాటలు పెట్టండి. ‘నాతు’లో ఉన్నది నాలుక మాత్రమే, ‘కాలులు’లో బుద్ధి ఉంది.

అయితే అసలు పిల్లల కథను పిల్లల నోటితో చెప్పించాలా? నేను వద్దనే అంటాను. వెంటనే బుడుగు అడ్డు వస్తాడని తెలుసు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగుకు నేనూ దాసోహమే. కానీ బుడుగు ఆలోచిస్తూ కనిపించే పిల్లవాడు కాదు, సభలో మాట్లాడే పిల్లవాడు. ఎదురుగా జనం ఉన్నారని వాడికి తెలుసు. ఆ పుస్తకం గొప్పతనం ఆ గొంతులో ఉంది, ఆ గొంతు ఒక్కరికే వచ్చింది. తర్వాత వచ్చినవాళ్లు గొంతు అరువు తెచ్చుకున్నారు, పిల్లవాణ్ణి తెచ్చుకోలేదు. బుడుగు తమ్ముళ్లను చదివి చదివి, ‘నేను’ అని మొదలుపెట్టే ఆరేళ్లవాడు కనిపిస్తే పేజీ తిప్పేసే స్థితికి వచ్చాను.

పిల్లలకు మాటల్లో పెట్టగలిగినదానికంటే తెలిసింది చాలా ఎక్కువ. హెన్రీ జేమ్స్ 1897లో ‘వాట్ మెయిజీ న్యూ’ నవల రాసినప్పుడు, విడిపోయిన తల్లిదండ్రుల మధ్య అటూ ఇటూ తిరిగే పాప కథను ఆ పాప చేత చెప్పించకపోవడానికి కారణం ఇదేనని తర్వాత ముందుమాటలో వివరించాడు. చూపు పాపది, మాటలు రచయితవి. ఇందుకు తెలుగు బాగా లొంగుతుంది. కొటేషన్ గుర్తులు లేకుండా, ‘అని అనుకుంది’ అని ప్రతిసారీ చెప్పకుండా, మామూలు కథనంలోకే మనిషి ఆలోచనను జారవిడవవచ్చు. గోడకు అతుక్కుపోయిన ఆ అబ్బాయిని నేనైతే ఇలా రాస్తాను:

దీదీ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చేతిలో పొట్లం ఉంది. గోడ మీద క్యాలెండరు ఉంది, అక్షరాలు లేవు. దీదీ చెప్పులు కూడా విప్పేసింది. ఇప్పుడు ఏదో అంటుంది. ఆమె అనేదాకా తను ఏమీ అనకూడదు. అంటే తప్పు మాట వచ్చేస్తుంది.

ఇందులో పిల్లల మాట ఒక్కటీ లేదు. అక్షరం మింగినది లేదు, ముద్దు లేదు. కానీ పెద్దవాళ్లెవరూ ఇలా ఆలోచించరు.

మన బాల్యం మనకు గుర్తుంది కదా, దాన్నే రాస్తే చాలదా అంటారు. గుర్తుంది, కానీ గుర్తున్నవి సంఘటనలు. అప్పటి బుద్ధి గుర్తుండదు. పైగా ఆ సంఘటనల్లో సగం అమ్మ పదిసార్లు చెప్పగా మన జ్ఞాపకంగా మారినవి, ఫొటోలో చూసి అతికించుకున్నవి. ‘మా చిన్నప్పుడు’ అని మొదలయ్యే కథల్లో ముప్పై ఐదేళ్ల మనిషి నిక్కరు వేసుకుని తిరుగుతుంటాడు.

తర్కం, సూత్రం అంటున్నారు, మరి పిల్లలకు దుఃఖం లేదా అని నా స్నేహితురాలు ఒకరు నిలదీశారు. ఉంది. అది కూడా ఆధారాల మీదే నిలబడుతుందని చెప్పడానికి నాకు తెలిసిన ఒక సంగతి చాలు. మా పక్కింటి ఒడియా తాతగారు పూరీలో పెద్దకొడుకు ఇంట్లో ఉండగా పోయారు. స్వర్గద్వారానికి తీసుకెళ్లారని ఫోను వచ్చింది. పూరీలో సముద్రం ఒడ్డున ఉన్న శ్మశానం పేరు అది. చుట్టుపక్కల బజారునూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇక్కడున్న మనవడికి ఐదేళ్లు. తాత స్వర్గానికి వెళ్లాడని ఎవరూ వాడికి వేరే చెప్పనవసరం లేకపోయింది, ఫోనులో మాట వాడూ విన్నాడు. మరుసటి ఏడు కుటుంబమంతా పూరీ బయలుదేరింది. పిల్లవాడు తాత చేతికర్ర తెస్తానని పట్టుబట్టాడు. తాత కారులో వెళ్తూ దాన్ని ఇక్కడే మర్చిపోయాడు. ఆట అనుకున్నారు, వద్దన్నారు, ఏడుపు భరించలేక ఒప్పుకున్నారు. పూరీలో ఆటో అతను ‘స్వర్గద్వార్, స్వర్గద్వార్’ అని కేకలు వేస్తున్నాడు. మనుషులు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. బజారులో టీ కొట్లు, గవ్వల దండలు, బెంచీల మీద ముసలివాళ్లు. కర్ర పట్టుకుని వాడు ప్రతి బెంచీ దగ్గరా ఆగాడట. రెండో రోజు వాళ్లమ్మకు విషయం తట్టింది.

చావు తిరిగిరానిదని, అందరికీ వస్తుందని పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్య క్రమంగా పట్టుబడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు చెబుతారు. కానీ ఈ పిల్లవాడి విషయంలో అది కూడా అంత ముఖ్యం కాదు. ఆటో వెళ్లే చోటికి తాత వెళ్లాడు, ఆటోలో మనమూ వెళ్లాం. వాడి దగ్గరున్న కాగితాల ప్రకారం తాత అక్కడ లేకపోవడమే విడ్డూరం. దీన్ని కథగా రాసేవారెవరైనా వాడి చేత ‘తాత ఏడీ అమ్మా?’ అనిపించారంటే నేను ఒప్పుకోను. వాడు అడగలేదు. తెలిసిన విషయాన్ని ఎవరు అడుగుతారు? కర్రతో పెట్టె సర్దుకున్నాడు, అంతే. కథకుడి పని ఇంట్లో మూలన ఉన్న కర్రను ముందు చూపించడం, కారు వెళ్లిపోవడం చూపించడం. వాడి దుఃఖం గురించి విశేషణాలు అక్కరలేదు.

ఇంత పథకం వాళ్లు ఎప్పుడు వేసుకుంటారు? ఒంటరిగా ఉన్నప్పుడు. అమెరికాలో ఎమిలీ అనే పాప రెండేళ్లు నిండకముందు నుంచి మూడేళ్ల దాకా, పడుకోబెట్టి వెళ్లిపోయాక తనలో తాను మాట్లాడుకున్న మాటలను తల్లిదండ్రులు రికార్డు చేశారు. కేథరిన్ నెల్సన్, తోటి పరిశోధకులు వాటిని పరిశీలించి 1989లో పుస్తకం తెచ్చారు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పటికంటే ఒంటరి మాటల్లోనే ఆ పాప భాష ఎక్కువ విచ్చుకుంది. ఇవాళ ఏమైంది, రేపు ఎవరు వస్తారు, ముందు ఏది, తర్వాత ఏది అని వరుస పెట్టుకునేది. ఇలా పైకి మాట్లాడుకున్నదే క్రమంగా లోపలి మాటగా మారుతుందని రష్యన్ శాస్త్రవేత్త వైగోత్‌స్కీ 1934 నాటి తన పుస్తకంలో వాదించాడు. నిద్రపోయే ముందు గొణుగుడు వింటే మన కథకులకు కావలసిన ముడిసరుకంతా అక్కడ దొరుకుతుంది. అందులో తేదీలు ఉండవు. అయిపోయినదంతా ‘నిన్న’. పిల్ల కళ్లతో నడిచే కథలో ‘మూడు వారాల తర్వాత’ అని రాస్తే నాకు పంటి కింద రాయి పడినట్టే. రథం లాగాక, అంగన్‌వాడీలో గుడ్డు పెట్టిన రోజు, వాన పడి కరెంటు పోయినప్పుడు. ఆ కాలమానంలో నడపలేమా?

చివరగా వయసు. ‘చిన్నపాప’ అని రాసి ఊరుకునే అలవాటు ఎలా వచ్చిందో తెలియదు. మూడేళ్లకూ ఐదేళ్లకూ మధ్య తేడా ముప్పైకీ అరవైకీ మధ్య కూడా ఉండదు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి బయటికి వెళతాడు. అతను లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగి వచ్చాక అతను ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్లవాళ్లు చాలామంది చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తనకు తెలిసింది ఇంకొకరికి తెలియకపోవచ్చన్నది నాలుగు దాటాక మెల్లగా స్థిరపడుతుంది.

ఇదంతా ఎందుకంటే, ఈ మధ్య బరంపురం నుంచి ఒక కుర్రాడు నాకు కథ పంపాడు. పట్టు మగ్గాల ఇల్లు, బాగా రాశాడు. అందులో ‘చిన్నపాప’ నాన్న నేతలో పోగు నడిపే నాడెను దాచేసి, మగ్గం దగ్గర అన్నయ్య తిరగడం నాన్న చూశాడు కాబట్టి అనుమానం వాడి మీదికి పోతుందని లెక్క వేసుకుని, అన్నయ్య పేరు చెబుతుంది. కథ మలుపు అదే. పాపకు ఎన్నేళ్లని అడిగాను. మూడు అనుకోండి అన్నాడు. మూడేళ్ల పిల్ల ‘నేను తీయలేదు’ అనగలదు, నాడెను చేతిలో పట్టుకునే అంటుంది. నాన్న ఏం చూశాడో, దాన్నిబట్టి ఏమనుకుంటాడో లెక్క వేసి ఇంకొకరి మీదికి తిప్పాలంటే వయసు పెంచక తప్పదన్నాను. పాఠకులు వయసులు లెక్క పెట్టుకుంటూ చదువుతారా అని అతనికి కోపం వచ్చింది. వాదించాం. చివరికి ఐదున్నర చేశాడు. చేయగానే ముద్దుమాటలన్నీ ఊడిపోయాయి, మగ్గం కింద దోగాడే సన్నివేశం పోయింది. ఐదున్నర అంటే బడి, బడి అంటే అక్కడ ఒడియా. అయితే ఇంటికి వచ్చి ఆ అబద్ధం ఏ భాషలో చెబుతుందని రాసి అడిగాను. ఇంకా జవాబు రాలేదు. నా మటుకు తెలుగులోనే చెబుతుంది. నాన్న ఇంతవరకు నమ్మిన మాటలన్నీ తెలుగులో చెప్పినవే కదా.